హారన్ కొట్టని ఊళ్లో

సరయు సింగపూర్‌కి రెండోసారి వచ్చింది మొగుణ్ణి ఇంటికి తీసుకుపోవడానికి. ఆ మొగుడు పోయి ఏడాది దాటింది. విమానాశ్రయంలో ఎవరైనా "ఏం పని మీద వచ్చావు" అని అడిగితే ఏం చెప్పాలా అని దారి పొడుగునా మథనపడింది పాపం. ఎవరూ అడగలేదు. మిషన్ ఆమె ముఖం చూసింది, గేటు తెరుచుకుంది, అంతే.

నవ్వొస్తే నవ్వుకోండి. బెజవాడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనిషి, రాహుకాలం చూసుకుని గడప దాటే అత్తగారిని ఆటపట్టించిన మనిషి, ఇలాంటి పనికి సముద్రం దాటి వెళ్తుందని ఎవరైనా అంతకుముందు చెప్పి ఉంటే తనే పడీపడీ నవ్వేది. కానీ ఆమె ఇంట్లో ఒక్క సాయంత్రం గడిపి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

జరిగింది ముందు చెప్పాలి. కిందటేడు వికాస్, సరయు సరదాగా నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చారు. పుంగ్గోల్‌లో లోహిత్, నందితల ఫ్లాట్‌లో దిగారు. లోహిత్ వికాస్‌కి ఇంజనీరింగ్ నాటి స్నేహితుడు. వికాస్‌కేమో బండి పిచ్చి. గోవా వెళ్తే గోవాలో, బాలి వెళ్తే బాలిలో, దిగీదిగగానే అద్దె బండి ఎక్కాల్సిందే. ఇంటర్నేషనల్ పర్మిట్ ఎప్పుడూ సంచిలో సిద్ధంగా ఉండేది. బూన్ లేలో నాగరత్నం ఆంటీ అని ఒకావిడ బళ్లు అద్దెకిస్తుందనీ, పైగా తెలుగావిడనీ లోహిత్ చెప్పడమే ఆలస్యం, రైలెక్కి వెళ్లి బండి తెచ్చేసుకున్నాడు. మర్నాడు పొద్దున సరయుకి తలనొప్పి. "నువ్వు పడుకో. ఊరి ఆ చివర తువాస్ దాకా ఒక రౌండ్ వేసి వెళ్లొస్తా" అని గుమ్మం దాటాడు. తువాస్ పోయే పెద్ద రోడ్డు మీద ఎడమ లేన్ నుంచి కుడి లేన్‌లోకి మారాడు. కుడి లేన్‌లో లారీ ఉంది.

లారీ వాడి తప్పేం లేదన్నారు. వికాస్ వేగంగా కూడా వెళ్లడం లేదన్నారు. తలకి హెల్మెట్ ఉంది, దాని బెల్టు బిగించే ఉంది, తాగలేదు, ఫోన్ చూడలేదు. చేసిందల్లా ఒక్కటే. లేన్ మారే ముందు తల తిప్పి వెనక్కి చూడలేదు. ఎందుకు చూస్తాడు చెప్పండి? బెజవాడలో ఎవడు చూస్తాడు? బెంజి సర్కిల్‌లో వెనకొచ్చేవాడు తన రాకని తనే చాటుకుంటూ వస్తాడు. లారీ అయితే చెవులు చిల్లులు పడేలా, ఆటో అయితే కుయ్యోమని, చివరికి పాలవాడి మోపెడ్ కూడా పీప్ పీప్‌మని. హారన్ వినబడలేదంటే వెనక ఎవరూ లేరని లెక్క. మీసాలు రాకముందు నుంచీ వికాస్ బండి నడిపింది చెవులతోనే. ఈ ఊళ్లో హారన్ కొట్టడమంటే ముఖం మీద తిట్టినట్టు. ఎవరూ కొట్టరు. ఆ లారీ కూడా కొట్టలేదు.

పెట్టెలో పెట్టి విమానంలో తీసుకొచ్చారు. చేయాల్సినవన్నీ చేశారు. పదో రోజున కృష్ణ ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు. కాకులు లేక కాదు, పక్కవాళ్ల పిండాలు క్షణాల మీద ఎగరేసుకుపోయాయి. వికాస్ పిండం దగ్గరికొచ్చి, చుట్టూ తిరిగి, తల పక్కకి వంచి చూసి వెళ్లిపోయాయి. "మీ అమ్మని మేం చూసుకుంటాంరా" అన్నారు బాబాయిలు. "నేనెక్కడికీ పోను, అత్తయ్య దగ్గరే ఉంటాను" అంది సరయు. ఊహూఁ. ఎండ నెత్తికెక్కేదాకా చూసి, పిండాన్ని నీళ్లలో వదిలేసి ఇంటికి వచ్చేశారు.

ఆ వారంలోనే మొదలైంది. దీపాలు పెట్టే వేళకి వీధిలో బండి వచ్చి గేటు ముందు ఆగిన చప్పుడు. ఇంజను ఆపిన చప్పుడు. ఆ తర్వాత స్టాండు వేసిన చప్పుడు రావాలి కదా, గేటు గడియ తీసిన చప్పుడు రావాలి కదా. రాదు. అత్తగారు కోటేశ్వరి చేతిలో పని చేతిలోనే వదిలేసి వరండాలోకి పరుగెత్తేది. వీధి ఖాళీగా ఉండేది. ఎవరో పక్కింటికి వచ్చి ఉంటారులే అని సరయు మొదట కొట్టిపారేసింది. తర్వాత తనకీ వినబడసాగింది. ఆ ఆగిన ఇంజను వికాస్ బండిదేనని పెళ్లానికి వేరే చెప్పాలా? ఆడవాళ్లిద్దరూ హాల్లో బిక్కచచ్చి కూర్చునేవాళ్లు, స్టాండు చప్పుడు కోసం చెవులు రిక్కించి. అది ఎన్నడూ రాలేదు.

"ఒళ్లు తెచ్చారే అమ్మాయ్, వాణ్ణి తేలేదు" అంది కోటేశ్వరి ఒకనాడు. "వాడు ఆ రోడ్డు మీదే ఉండిపోయాడు. ఇల్లు గుర్తొచ్చి గేటు దాకా వస్తున్నాడు, లోపలికి రావడం చేతకాక పోతున్నాడు."

ఆవిడ కొడుకు పోయినప్పుడు ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. వాడు రాకుండా ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టేనట. తిండి తగ్గించేసింది. మజ్జిగ తాగి పడుకునేది, పడుకున్నా కంటి మీద కునుకుండేది కాదు. నడుం ఒంగిపోయింది. డాక్టరు రాసిన మందులు కిటికీలో అలాగే ఉండేవి. "నేను పోయేలోగా వాణ్ణి ఇంట్లోకి తీసుకురా. నిన్ను ఇంకేమీ అడగను" అంది. సరయుకి ఆవిడ తప్ప ఇంక మిగిలిందెవరు? ఇద్దర్నీ ఒకే రోడ్డుకి వదిలేసుకోలేక ఫోన్ తీసి నాగరత్నానికి చేసింది.

నాగరత్నం అప్పుడప్పుడు తనే ఫోన్ చేస్తుండేది, ఎలా ఉన్నావని. తన షాపులో బండి తీసుకుని వెళ్లిన పిల్లాడు తిరిగి రాలేదన్న బాధ ఆవిడది. సరయు భయపడుతూ భయపడుతూ గేటు ముందు చప్పుడు సంగతి చెప్పింది. ఆవిడ నవ్వలేదు. "నువ్వొచ్చీ అమ్మా. తీసుకెల్దాం" అంది, అంతే.

*

నాగరత్నంది తాతల నాడే శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఓడెక్కి వచ్చేసిన కుటుంబం. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అరవై దాటినా జీన్స్ ప్యాంటు, నుదుట రూపాయంత బొట్టు, చేతులకి గ్రీజు. మాటలో శ్రీకాకుళం, మధ్య మధ్య మలయ్, విసుగొస్తే అరవం. మొగుడు ఉన్నప్పుడు ఇద్దరూ, పోయాక తనొక్కతే ఆ షాపు నడుపుతోంది. సరయు రాగానే, "మకాన్ అయిందా?" అని అడిగి, కాలేదంటే ఇంత ఉప్మా పెట్టి, తినేదాకా అసలు సంగతి ఎత్తనివ్వలేదు.

"మా మామ్మ సెప్పేది" అంది తర్వాత, చేతులు తుడుచుకుంటూ. "రోడ్డు మీద పోయినోళ్లకి పోయినామని తెలీదమ్మా. ఆడింకా బండి మీదే ఉన్నాననుకుంటన్నాడు. పోయిన సోటికెల్లి పేరెట్టి పిలవాల. ఏ గుమ్మంలోంచి ఎల్లినాడో ఆ గుమ్మానికి సేర్చాల. దారిలో మలుపొస్తే మలుపని సెప్పాల, వంతెనొస్తే వంతెనని సెప్పాల, లేకపోతే ఆడు తప్పిపోతాడు. మా పక్కింటి చైనా అవ్వ కూడా కొడుకు పోతే ఇలగే సేసింది."

"పుంగ్గోల్ నుంచి వెళ్లాడు" అంది సరయు. "అంటే లోహిత్ వాళ్ల గుమ్మానికా?"

"అక్కడికే. ఆ గుమ్మం దాటి లోపలికొచ్చినాడంటే ఇంక ఆడు నీతోటే. ఇమానమెక్కినా నీతోటే."

"టాక్సీలో తీసుకెళ్లకూడదా ఆంటీ?"

"బండి మీదెల్లినోడు టాక్సీ ఎక్కుతాడేటి? బండే కావాల. నువ్వే నడపాల. ఇంకోటి కూడా ఉంది, అది నీకు తెల్సిందే."

"వెనక్కి చూడకూడదు" అంది సరయు.

తెలియకేం. శ్మశానంలో కుండ పగలగొట్టినవాడు వెనక్కి చూడడు. అక్కడి నుంచి వచ్చేవాళ్లెవరూ చూడరు. అక్కడ చూడకపోవడం, పోయినవాళ్లు వెంట రాకూడదని. ఇక్కడ వెంట వచ్చేవాణ్ణి బెదరగొట్టకూడదని. "సూసినావంటే అక్కడికక్కడే దిగిపోతాడు. మరింక పిలిచినా పలకడు" అంది నాగరత్నం.

సరయు బెజవాడలో రోజూ స్కూటర్ మీదే కాలేజీకి వెళ్తుంది, పర్మిట్ తీసుకునే వచ్చింది. నాగరత్నం ఒక స్కూటర్ బయటికి తీసి, దాన్ని వదిలిపెట్టకుండా హ్యాండిల్ పట్టుకుని నిలబడి, చెప్పాల్సింది మొదలెట్టింది. బండి ఎవరికిచ్చినా ఆవిడ ఈ పాఠం చెప్పకుండా తాళం ఇవ్వదు. వికాస్‌కీ చెప్పింది. వాడు నవ్వి, "బెజవాడలో నడిపినవాడు ఎక్కడైనా నడుపుతాడు ఆంటీ" అన్నాడు. నవ్వితే ముద్దొచ్చేవాడు, అదీ వాడి ఖర్మ.

"లారీ పక్కన ఎప్పుడూ ఉండకు. ముందన్నా ఉండు, ఎనకన్నా ఉండు. వానొస్తే తెల్ల గీతల మీద సక్రం పెట్టకు, జారిపోద్ది. మరీ ఎక్కువైతే ఫ్లైఓవర్ కింద ఆగు, అందరూ అక్కడే ఆగుతారు. లేన్ మారినప్పుడు ఇండికేటర్ ఎయ్యి, అద్దంలో సూడు, అప్పుడు తల తిప్పి బుజం మీంచి ఎనక్కి సూడు. అద్దంలో కనపడనిది అక్కడుంటాది. ఈ ఊళ్లో ఎవుడూ హారన్ కొట్టి నీకు సెప్పడు. సూడకుండా మాత్రం..."

అక్కడ ఆవిడ ఆగిపోయింది. సరయు కూడా ఆవిడ వంకే చూస్తోంది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. వెనక్కి చూడకపోవడం వల్లే వాడు పోయాడు. ఇప్పుడు వాణ్ణి తెచ్చుకోవాలంటే వెనక్కి చూడకూడదు.

"అద్దంలో?" అంది సరయు చివరికి.

"అద్దంలో సూసినా సూసినట్టే."

"అలామక్" అని మలయ్‌లో వాపోతూ నాగరత్నం షాపంతా ఒకసారి తిరిగి వచ్చింది. తర్వాత తన పాత బండి స్టాండు తీసింది. "నాను ముందెల్తాను. నువ్వు నా ఎనకే, ఎడం లేన్‌లోనే, నెమ్మదిగా. లేన్ మారే పనే పెట్టుకోవద్దు. కొంచెం సుట్టైనా పర్లేదు, నువ్వు కొత్తదానివని ఎడం పక్క నుంచే దిగిపోయే దారి పొద్దున్నే సూసొచ్చినాను." స్కూటర్ అద్దాలు రెండూ తన చేత్తోనే బయటికి తిప్పేసింది. "నా జన్మలో ఎవరి బండికీ ఇలగ సెయ్యలేదు" అంది. "నాకు మాత్రం బాగుందనుకుంటన్నావేటి? రోజూ షట్టర్ దించినప్పుడు ఇంకో బండి రావాల అనిపిస్తాది. కాసేపు అలగే నిలబడి సూస్తాను. ఆడొచ్చి తాళం సేతిలో పెడతాడేమోనని."

*

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. పెద్ద రోడ్డుకి పక్కగా చిన్న రోడ్డుంది, వాళ్లు అక్కడ ఆగారు. గడ్డి మీద నిలబడితే ఆ చోటు కనబడుతుంది. ఏముంది కనబడ్డానికి? రోడ్డే. రక్తం లేదు, గాజు పెంకు లేదు, ఇక్కడ ఒక మనిషి పోయాడని చెప్పే ఆనవాలు ఒక్కటి లేదు. లారీల వెనక లారీలు, ఒక్కటీ నోరెత్తకుండా, టైర్ల చప్పుడు తప్ప మరేం లేకుండా సాగిపోతున్నాయి. ఇంత పెద్ద రోడ్డు ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉంటుందని సరయుకి ఒళ్లు జలదరించింది.

"వికాస్" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. "వికాస్, నేనే. రా, ఇంటికి వెళ్దాం." మూడోసారి ఏడుపు ఆపుకోలేక గట్టిగా అరిచింది. అవతల ఎవరో సైకిల్ మీద పోతూ తిరిగి చూశారు. గడ్డి కదల్లేదు. గాలి రాలేదు. నాగరత్నం తల దించుకుని నిలబడింది.

ఏమీ జరగలేదు. ఏమీ జరగదని చదువుకున్న బుర్రకి ముందే తెలుసు. సరయు వచ్చి స్కూటర్ ఎక్కింది, హెల్మెట్ పెట్టుకుంది, బెల్టు బిగించుకుంది. తాళం తిప్పబోతుంటే కుడి భుజం మీద బరువు పడింది. ఎవరో చెయ్యి వేసి ఊతం తీసుకున్నట్టు. ఆ వెంటనే స్కూటర్ వెనక చక్రం మీద మెల్లిగా కుంగింది.

ఎదురుగా నాగరత్నం తన బండి మీద కూర్చుని ఆ స్కూటర్ వెనక చక్రం వైపే చూస్తోంది. ఆవిడ ముఖంలో రంగు లేదు. నాగరత్నం హెల్మెట్ అద్దం కిందికి దించేసి బండి కదిలించింది.

"వికాస్, బయల్దేరుతున్నాం" అంది సరయు. "ఎడమకి తిరుగుతున్నాం."

మొదట సిగ్గేసింది. నడిరోడ్డు మీద తనలో తను మాట్లాడుకునే పిచ్చిదానిలా ఉంది. ఒక మలుపు, ఒక సిగ్నల్, ఒక వంతెన అయ్యేసరికి సిగ్గు పోయింది. "ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతున్నాం వికాస్, గట్టిగా పట్టుకో. పైన ఫ్లైఓవర్ ఉంది, దాని కిందుగా వెళ్తున్నాం. అదిగో, వెళ్లిపోయింది." వీపు మీద చల్లగా ఉంది. అంత ఎండలోనూ తడిబట్ట కప్పినట్టు ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా వెనక బరువు తనతో పాటే ఒరుగుతోంది. బండి నడిపినవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది, ఖాళీ సీటు అలా ఒరగదు.

భయం ఎక్కడ పోయిందో పోయింది. దాని చోట్లో పట్టరాని సంతోషం. ఏడాది మాటలు కట్టలు తెంచుకున్నాయి. అత్తయ్య అన్నం తినడం లేదని చాడీ చెప్పింది. వాళ్ల బాబాయి కూతురి పెళ్లిలో తనని వెనక వరసలో కూర్చోబెట్టారని చెప్పింది. నువ్వు లేవు కదా, ఇంట్లో బల్బు పోతే కుర్చీ ఎక్కి నేనే మారుస్తున్నానని చెప్పింది. "మనం ఎప్పుడు వెళ్లినా నేను వెనక కూర్చుని, ఆటో వస్తోంది చూడు, బస్సు వస్తోంది చూడు అని నస పెట్టేదాన్ని. నీ చెవి తినేదాన్ని. ఆ రోజు దిక్కుమాలిన తలనొప్పి రాకపోతే..." అని ఆగి, "వంతెన ఎక్కుతున్నాం వికాస్" అంది. వెనక నుంచి మాట లేదు. ఉండక్కర్లేదు. ఉన్నాడు, అది చాలు. ముందు నాగరత్నం పసుపు జాకెట్టు ఒకే వేగంతో సాగుతోంది. ఇంకొంచెం దూరం. గుమ్మంలో నందిత, చెప్పి ఉంచినట్టే, కాళ్లకి నీళ్లు పట్టుకుని నిలబడి ఉంటుంది. రాత్రి విమానం. రేపు ఈపాటికి అత్తయ్య ముందు నిలబడి, ఇదుగో మీ అబ్బాయి అంటుంది.

వాన చెప్పాపెట్టకుండా వచ్చింది. ఇక్కడి వానకి మన వానలా ముందు గాలీ ఉరుమూ అనే మర్యాదలేం ఉండవు, బకెట్‌తో కుమ్మరించినట్టు పడిపోతుంది. హెల్మెట్ అద్దం మసకేసింది. ఫ్లైఓవర్ ఇంకా దూరంగా ఉంది. ముందు పసుపు జాకెట్టు మాత్రం కనబడుతోంది. అంతలో దానికి అవతల పసుపు రంగు బాణం ఒకటి వెలిగి ఆరుతూ కనబడింది. కుడివైపు చూపిస్తోంది.

ఎడమ లేన్ మూసేశారు. రోడ్డు పని. పొద్దున నాగరత్నం దారి చూసుకున్నప్పుడు లేదది. బాణం ముందు నారింజ రంగు కోన్లు వరసగా, లేన్‌ని కొంచెం కొంచెంగా నొక్కేస్తూ. నాగరత్నం ఇండికేటర్ వేసింది, తల తిప్పి చూసింది, కుడి లేన్‌లోకి జారింది. ఎడమ చేత్తో నెమ్మది, నెమ్మది అని సైగ చేసింది. ఆవిడ వెనక ఒక కారు, దాని వెనక ఇంకో కారు దూరిపోయాయి. పసుపు జాకెట్టు మాయమైంది.

సరయు వేగం తగ్గించింది. కోన్లు దగ్గర పడుతున్నాయి. ఆగితే వెనకొచ్చేవాడు ఈ వానలో తనని చూస్తాడా? కుడికి పోవాలి. చెవులు రిక్కించింది. బెజవాడ చెవులు కదా. హారన్ లేదు. ఎక్కడా ఏ చప్పుడూ లేదు, వాన తప్ప. ఎవరూ లేరు, వెళ్లిపోవచ్చు అన్నాయి చెవులు. ఇండికేటర్ వేసింది. హ్యాండిల్ కుడికి వంచుతూ, "కుడికి వెళ్తున్నాం వికాస్" అంది.

"సరూ, వెనక్కి చూడు."

చెవి పక్కనే. హెల్మెట్ లోపలే అన్నంత దగ్గరగా. ఏడాది తర్వాత ఆ గొంతు.

"చూడను" అంది సరయు. "చూస్తే నువ్వు ఉండవు."

"చూడవే!"

"అత్తయ్య చచ్చిపోతుంది వికాస్, నిన్ను తీసుకెళ్లకపోతే..."

"నేను చూడలేదు. నువ్వు చూడు."

ఆమె తల తిప్పి భుజం మీంచి చూసింది.

లారీ వెనక లేదు. పక్కనే ఉంది. ఆమె మోకాలికి మూరెడు దూరంలో దాని చక్రం తిరుగుతోంది, చక్రం బోల్టులు ఒక్కొక్కటీ కనబడేంత దగ్గరగా. హ్యాండిల్ ఎడమకి లాగేసింది. రెండు కోన్లు ఎగిరిపడ్డాయి, చక్రం జారింది, కాలు కింద ఆనింది, బండి ఆగింది. లారీ నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లిపోయింది. అప్పుడు కూడా హారన్ కొట్టలేదు.

సరయు ఇంక పోగొట్టుకునేదేమీ లేక పూర్తిగా వెనక్కి తిరిగింది. వెనక సీటంతా తడిసి ఉంది, మధ్యలో మాత్రం మనిషి కూర్చునేంత మేర పొడిగా ఉంది. ఆమె చూస్తుండగానే అక్కడ ఒక చినుకు పడింది. ఇంకొకటి పడింది. తర్వాత అదీ తడిసిపోయింది.

*

నాగరత్నం బండి ముందెక్కడో ఆపి, కోన్ల పక్క నుంచి వానలో పరుగులాంటి నడకతో వచ్చింది. సరయు ఎవరినో పిలుస్తోంది, వికాస్, వికాస్ అని, గొంతు బొంగురు పోయేలా. ఆవిడ వచ్చి భుజాలు పట్టుకుంది.

"సూసినావా?"

"చూశాను ఆంటీ. తనే చూడమన్నాడు. నేను చూడనన్నాను, వినలేదు. మళ్లీ వెళ్దాం ఆంటీ, మళ్లీ పిలుద్దాం. ఈసారి టాక్సీలో, లేకపోతే నడిచి..."

"పలకడమ్మా."

"నేనే దింపేశాను. చేతికి వచ్చినవాణ్ణి నడిరోడ్డు మీద దింపేసి..." నాగరత్నం ఆమెని దగ్గరికి లాక్కుంది. హెల్మెట్‌కి హెల్మెట్ కొట్టుకుంది. ఆవిడా ఏడుస్తోంది. ఆవిడ షాపుకి రావాల్సిన బండి ఇంక రాదని ఆవిడకీ ఇప్పుడే తెలిసింది.

మిగిలిన దారి ఎవరూ ఏ మలుపూ చెప్పలేదు. పుంగ్గోల్‌లో నందిత తలుపు తీసి చెంబుతో నిలబడి ఉంది. ఆమె చూపు సరయుని దాటి వెనక్కి వెళ్లింది, అక్కడ కాసేపు వెతికింది, తర్వాత దిగిపోయింది. లోహిత్ తువ్వాలు తెచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

అడగాల్సిన మనిషి అక్కడ లేదు. ఫోన్ మోగీ మోగకుండానే ఎత్తింది.

"వచ్చాడా?" అంది కోటేశ్వరి.

అబద్ధం ఆడదామనుకుంది సరయు. వచ్చాడు అంటే చాలు, ఆ ముసలి ప్రాణం ఇవాళే ముద్ద తింటుంది. నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ రేపు సాయంత్రం మళ్లీ వీధిలో బండి ఆగితే?

"సగం దారి దాకా వచ్చాడు అత్తయ్యా. నా వెనకే కూర్చున్నాడు. నేను వెనక్కి చూశాను."

ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"చూడకూడదని తెలిసేనా?"

"తెలిసే. చూడమని తనే అన్నాడు. నా పక్కన లారీ ఉంది, నాకు తెలీలేదు."

"ఏమన్నాడు? వాడన్నది వాడన్నట్టే చెప్పు."

"'నేను చూడలేదు, నువ్వు చూడు' అన్నాడు."

అప్పుడొక చప్పుడు వినబడింది. అదేమిటో సరయుకి మొదట అర్థం కాలేదు, ఎప్పుడూ విని ఉండలేదు గనక. కోటేశ్వరి ఏడుస్తోంది. కొడుకు శవం ముందు ఏడవని మనిషి, ఏడాది పొడుగునా ఏడవని మనిషి, వెక్కివెక్కి, చిన్నపిల్లలా ఏడుస్తోంది. సరయు ఫోన్ చెవికి ఆనించుకుని గోడకి జారగిలబడి కింద కూర్చుంది. ఆపమని అనలేదు.

"అయితే వాడికి తెలుసన్నమాట" అంది కోటేశ్వరి, ఏడుపు మధ్యనే. "పోయానని తెలుసు వాడికి. ఎలా పోయాడో కూడా తెలుసు. నేనే, దారి తెలీక తిరుగుతున్నాడనుకుని, పిలిచి పిలిచి వాణ్ణి పోనివ్వకుండా..."

"అత్తయ్యా, నేను తీసుకురాలేకపోయాను."

"ఇంక వాణ్ణి పిలవకే తల్లీ. నేనూ పిలవను. నువ్వు వచ్చెయ్యి."